ఉప్పల్ దాటని బావ జీపు

మా బావ పోయిన తొమ్మిదో రోజున ఈ ప్రయాణం మొదలుపెట్టాం. అస్థికలు కాళేశ్వరంలో గోదావరిలో కలపాలి, పదో రోజు దాటకూడదు. పిల్లలు లేరు కాబట్టి కర్మ చేసేది బావ తమ్ముడు. అతను కరీంనగర్ నుంచి నేరుగా అక్కడికే వస్తానన్నాడు. ఆడవాళ్లు రాకూడదని బావ వైపు పెద్దలు గట్టిగానే చెప్పారు. మా అక్క వినలేదు. "నేను పోత. ఆయన జీపులనే తీస్కపోత" అని భీష్మించుకు కూర్చుంది. రైల్వేలో పనిచేసిన బావకు ఆ జీపంటే ప్రాణం. ఇరవై ఏళ్ల నాటి డీజిల్ ఫోర్ బై ఫోర్, స్టార్ట్ చేస్తే వీధంతా నిద్రలేవాల్సిందే. నేను నడుపుతానన్నాను. అక్కావాళ్లుండే కాప్రా నుంచి హన్మకొండ, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం రెండువందల డెబ్బై కిలోమీటర్లుంటుంది, మామూలుగా ఆరేడు గంటల దారి.

పొద్దున ఆరింటికి బయలుదేరి మల్లాపూర్, నాచారం దాటి ఉప్పల్ రింగురోడ్డు చేరేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదుంది. బోనెట్ సందుల్లోంచి ఆవిరి. వెనక హారన్లు మోగిస్తున్నవాళ్లలో ఒక్క మహానుభావుడూ దిగలేదు. చివరికి ఒక ఆటో అతను వచ్చి నెట్టి, "ముందట యాదగిరన్న షెడ్డున్నదన్నా, ఆడికి తీస్కపోన్రి" అని దారి చూపించాడు.

యాదగిరి ఇంజన్ చల్లారేదాకా ఆగి, పైపు లీకన్నాడు. పైపు మార్చి, నీళ్లు పోసి, ఇక పోవచ్చన్నాడు. వంద గజాలు పోయామో లేదో మళ్లీ ఆవిరి. ఈసారి రేడియేటర్ మూత తీసి ఇంజన్ ఆన్ చేయించాడు. నీళ్లలో బుడగలు కుతకుతమని పైకొచ్చాయి. ఆయిల్ చూస్తే పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంది. నాకు అక్కడికక్కడే ఒళ్లు మండింది కానీ, అతనితో గొడవపడి లాభమేముంది?

"గ్యాస్కెట్ పోయింది సార్. హెడ్డు ఇప్పాలె" అన్నాడు. ఇంజన్‌కూ దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య ఉండే పలుచని రేకు అది. "హెడ్డు మంచిగుంటే సాయంత్రానికి ఇస్త. నాచారంల చెక్ చేపియ్యాలె."

అక్క ఎండలో, రోడ్డు వారనే అస్థికలున్న గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "లోపలికొచ్చి ఫ్యాను కింద కూసోరాదమ్మా" అని యాదగిరి రెండుసార్లు పిలిచాడు.

"ఇది లోపటికి తేవద్దన్నా" అంది అక్క.

అతను సంచి వైపు చూశాడు. చేతులకున్న గ్రీజు సబ్బుతో కడుక్కుని వచ్చాడు. షెడ్డు ముందు వేపచెట్టుకు, ఇంజన్లు పైకి లేపే గొలుసు కట్టిన లావుపాటి కొమ్మ ఉంది. గొలుసు విప్పి పక్కన పడేసి, సంచిని రెండు చేతులతో తీసుకుని ఆ కొమ్మకు కట్టాడు. ఆ రోజంతా అతని షెడ్డులో ఇంకే ఇంజనూ లేవలేదు.

హెడ్డు విప్పుతూ యాదగిరి నాతో మెల్లగా అన్నాడు, "బోరు నీళ్లు పోసి పోసి బండిని సంపిన్రు సార్. సూడున్రి." రేడియేటర్ గొట్టాల నిండా తెల్లటి ఉప్పు పేరుకుని సున్నంలా గట్టిపడి ఉంది. నీళ్లు తిరిగే దారే లేదు. నా వెనకే అక్క నిలబడి ఉందని నేను చూసుకోలేదు.

"రోజూ పొద్దున బోరు నల్ల కాడ సీసాలల్ల నీళ్లు పట్టి నేనే ఇచ్చేదాన్ని" అంది.

"నీళ్లతోని గాదమ్మా, బండి ముసల్దయింది" అని యాదగిరి వెంటనే మాట మార్చాడు.

అక్క వేలితో ఆ తెల్లటి పొరను గీకి చూసింది. "ఆయనకు గూడ గిట్లనే అన్నరు డాక్టర్లు. లోపట నరాలు మూసుకపోయినయట. బయటికైతే మంచిగనే ఉండె." హెడ్డును ఆటోలో వేసుకుని నాచారం బయలుదేరాను. నిజం చెప్పాలంటే, అక్కణ్నుంచి పారిపోయాను.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దాకా ఆటోకు రెండువందలైంది. లేత్ వర్క్స్‌లో హెడ్డును నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టారు. రెండు వాల్వుల మధ్య నుంచి సన్నగా బుడగలు. "పగులు వచ్చింది. ఇగ ఇది పనికిరాదు" అని ఆ పెద్దాయన తొట్టిలోంచి తీసి నేల మీద పెట్టాడు.

మధ్యాహ్నం మూడయింది. పాత హెడ్డు వెతికి బిగించాలంటే నాలుగైదు రోజులన్నాడు యాదగిరి. "అన్ని పైసలు దీనికి దండగ సార్. తుక్కుకిచ్చెయ్యిన్రి" అని సలహా ఇచ్చాడు. నాకూ అదే సబబనిపించింది. అతనే తెలిసినవాళ్ల కారు మాట్లాడిపెట్టాడు, రానూపోనూ ఎనిమిది వేలు. యాదగిరి కొమ్మకు కట్టిన సంచి విప్పి అందించాడు. అక్క జీపు వైపు చూడకుండా కారెక్కింది. కారు కదిలేముందు అద్దం దించింది.

"అన్నా, తుక్కుకియ్యకు. హెడ్డు తెచ్చి పెట్టు."

"ఎవరు నడుపుతరక్కా?" అన్నాను విసుగ్గా.

"నేను నేర్సుకుంట." సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఆ దినం ఛాతిల నొప్పని లేసి ఆయనే బండి తీసిండు తమ్మీ. నేను పక్కన కూసున్న. సిగ్నల్ కాడ ఆపి స్టీరింగ్ మీద ఒరిగిండు. ఇంజన్ నడుస్తనే ఉన్నది. దవాఖానా బోర్డు కండ్లకు కనవడుతున్నది. నాకు నడుపరాదు. కిందికి దిగి అందరి కాళ్లు మొక్కిన."

తొమ్మిది రోజులుగా ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రాత్రికి కాళేశ్వరం చేరి, తెల్లవారగానే బావ తమ్ముడితో కలిసి అస్థికలు గోదావరిలో కలిపేశాం. అతనితో వచ్చిన పెద్దలు గొణిగారు. ఆమె నీళ్లలోకి దిగింది.

ఆ ఊరి గురించి, నది గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు, నేనేదీ సరిగ్గా చూడలేదు. ఒక మనిషి ఆ పక్క సీట్లో కూర్చుని, కనిపిస్తున్న ఆసుపత్రికి చేరలేక ఎంత నరకం చూసి ఉంటుందో, దారి పొడవునా అదే ఆలోచన. జీపు ఇంకా షెడ్డులోనే ఉంది. అక్క మాత్రం రోజూ ఉదయం డ్రైవింగ్ స్కూలు కారులో కాప్రా చెరువు దగ్గర గేర్లు గరగరలాడిస్తోంది. పాత డీజిల్ బండి వేసుకుని దూరం పోయేవాళ్లకు రేడియేటర్‌లో బోరు నీళ్లకు బదులు పోయాల్సిన కూలెంట్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే. మీ పక్క సీట్లో కూర్చునే మనిషికి ముందు బండి నడపడం నేర్పించండి.