కాగని డప్పు

ఆ సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అని నెల రోజులు కొట్టుమిట్టాడాను. మా ఆయనకు భూపాలపల్లిలో ఉద్యోగం, ఆదివారాలే జనగామ ఇంటికి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ "కొన్నవా?" అంటాడు, నేను "ఆలోచిస్తున్న" అంటాను. వాషింగ్ మెషిన్ కోసం దాచిన డబ్బు అది. "బట్టలు నేను పిండుత గని, నువ్వు గదే కొనుక్కో" అన్నాడు ఒకసారి. పిండింది మాత్రం ఆ ఒక్క ఆదివారమే.

నా పని ఏమిటో చెప్పాలి. మేడ మీది గదిలో గోడలకు బొంతలు కట్టి పల్లె పాటలు రికార్డు చేస్తాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పాట రాసుకుని వస్తారు, పాడి పోతారు. సంగీతం నేను కీబోర్డు మీద వాయిస్తాను. కంప్యూటర్లో శాంప్లర్ అని ఒకటుంటుంది. ఎక్కడో ఎవరో వాయించిన వేణువు, సన్నాయి, డోలు ఒక్కొక్క స్వరం, ఒక్కొక్క దెబ్బ చొప్పున అందులో దాచి ఉంటాయి. మీట నొక్కితే అవి పలుకుతాయి. నా దగ్గరున్నది ఉచితంగా దొరికేది. పూర్తి శాంప్లర్ కావాలంటే కొనాలి, వాయిద్యాల మూటలు మళ్లీ వేరుగా కొనాలి. పెన్‌డ్రైవ్‌లో దొంగ కాపీ తెచ్చిస్తామన్న పుణ్యాత్ములూ ఉన్నారు. ఒకసారి ఆ పాపం చేసి, తెల్లారితే పాట ఇవ్వాల్సి ఉండగా కంప్యూటర్లో ఉన్నదంతా పోగొట్టుకున్నాను. అప్పుడే దండం పెట్టేశాను.

అసలు నన్ను పీడించింది డబ్బు కాదు, డప్పు కొట్టే కాక.

కాకది దేవరుప్పుల దగ్గర పల్లె. నాకు చుట్టం కాడు, చుట్టాలకంటే ఎక్కువ. పదేళ్లుగా నా పాటలన్నిటికీ డప్పు ఆయనదే. పొద్దున బస్సుకు డప్పు భుజాన వేసుకుని దిగుతాడు. డాబా మీద గడ్డి మంట వేసి డప్పు కాపుతాడు. తోలు బిగిసి ఖంగుమన్నాకే గదిలోకి తెస్తాడు. ఊళ్లో చావుకు కొట్టమని పిలిస్తే పోవడం ఏనాడో మానేసిన మనిషి. "పాటకైతే కొడుత, ఎవల శవం ముందట గొట్ట" అని పెద్దమనుషుల మొహం మీదే చెప్పాడట. నా దగ్గర మాత్రం పాట నచ్చిందంటే అడగకుండానే ఇంకో నాలుగు దరువులు వేసి పోతాడు.

నేను కొనాలనుకుంటున్న వాయిద్యాల మూటలో డప్పు కూడా ఉంది. అది కొంటే కాకను పిలిచే పని ఉండదు. పిలవకపోతే కాక ఏమనుకుంటాడో, ఏమైపోతాడో అని గుబులు. అట్లాగని పిలుద్దామంటే ఈ మధ్య పిలిచిన రోజు రావడం లేదు. మహబూబాబాద్‌లో బిడ్డ ఇంటికి పోతున్న అంటాడు, జర పనున్నది అంటాడు. ఇక్కడ పాడిన పిల్లలేమో సాయంత్రానికల్లా పాట ఫోన్లో పడాలంటారు. కాక మీద నాకు ఒళ్లు మండేది. అయినా ఒక్క మాట అనబుద్ధి కాలేదు.

పది రోజులు వాడి చూసుకోండని ఆ మూటను కంపెనీవాళ్లు ఉచితంగా ఇచ్చారు. కాకకు చెప్పకుండా వాడుతుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉండేది. ఒక రోజు ఉన్నట్టుండి కాక వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. స్పీకర్లలో డప్పు మోగుతోంది. నా వేళ్లు మీటల మీదున్నాయి.

"ఎవలు గొడుతున్రు?" అన్నాడు.

"ఎవలూ లేరు కాకా. మిషన్ల నుంచి వస్తున్నది." నా మొహం మాడిపోయింది.

తిడతాడనుకున్నాను. అలిగి పోతాడనుకున్నాను. ఆయన వచ్చి కూర్చుని కళ్లు మూసుకున్నాడు. "ఇంకోపారి కొట్టు" అన్నాడు. కొట్టాను.

"పాపం, మంచిగనే కొట్టిండు ఎవలో. గని డప్పు కాపలే. కాగని డప్పు పట్టి రికార్డు జేసిన్రు. బొదబొద అంటలేదా?"

పదేళ్లు డప్పు రికార్డు చేసిన చెవులు నావి! వారం రోజులుగా ఏదో తక్కువైందని సతమతమవుతున్నాను తప్ప, అది తట్టలేదు. చల్లటి ఏసీ గదిలో కూర్చోబెట్టి కొట్టించి ఉంటారు. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. "ఇగ గిది కొననే కొన కాకా. నువ్వే కొట్టు" అన్నాను.

కాక నవ్వలేదు. కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. అది ఛాతీ దాటి పైకి లేవలేదు.

"యాడాది సంది గిట్లనే ఉన్నది బిడ్డా. దవాఖానకు పోతె ఇగ కొట్టద్దన్నరు. నువ్వు పరేషానైతవని చెప్పలే. ఒక్క పాట గొడితె నాలుగొద్దులు అన్నం కలుపుకోనీకి రాదు."

రాలేదని నేను మండిపడ్డ రోజులన్నీ అవే. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడిస్తె ఏమొస్తది? గా మిషన్ల నా దెబ్బ పెట్టొచ్చునా, గది చెప్పు" అన్నాడు.

పెట్టొచ్చు. వాయిద్యాల మూట అక్కర్లేదు, పూర్తి శాంప్లర్ ఉంటే సొంత వాయిద్యం మనమే తయారు చేసుకోవచ్చు. నెల రోజులు తెగని ఆలోచన ఆ మధ్యాహ్నం తెగిపోయింది. కొనేసి, మా ఆయనకు ఫోన్ చేసి "ఇగ బట్టలు నీయే" అన్నాను.

వారం తర్వాత డాబా మీద మంట నేనే వేశాను. చిక్కు గదిలోకి వచ్చాక మొదలైంది. శాంప్లర్‌కు దరువు పనికిరాదు. ఒక్క దెబ్బ కొట్టాలి, దాని మోత పూర్తిగా అణిగేదాకా ఆగాలి, మళ్లీ ఒక్క దెబ్బ. మెల్లగా కొన్ని, గట్టిగా కొన్ని. కాక డప్పు ఒళ్లో పెట్టుకుని నాలుగు దెబ్బలు కొట్టి, కుడిచేతి చిర్రపుల్ల కింద పెట్టాడు.

"గిట్ల గొడితె చావు డప్పున్నట్టే ఉన్నది గదనే."

"గోడలకు బొంతలున్నయి కాకా. ఎవలింటరు?"

ఇరవై దెబ్బలైనా కాకముందే మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎదురింటి అవ్వ రొప్పుకుంటూ వచ్చేసింది. "ఎవలు పోయిన్రే? మీ ఆయన మంచిగున్నడా?" అని నన్ను పట్టుకుంది.

"ఎవలు పోలేదవ్వా. నేను పోయినంక గూడ కొట్టనీకి ఇప్పుడే కొట్టి పెడుతున్న" అన్నాడు కాక.

"నీ నోట్ల మన్నువొయ్య! గవేం మాటలు" అని తిట్టి అవ్వ గడప మీదే కూలబడింది. ఇంటికి పొమ్మన్నా పోలేదు. డప్పు చల్లబడ్డప్పుడల్లా గడ్డి మంట ఆమే చూసుకుంది. కాక పది దెబ్బలు కొట్టి, భుజం పట్టుకుని కాసేపు కూర్చుని, మళ్లీ పది కొట్టేవాడు. వద్దు, చాలు అంటే వినలేదు. అంతా పూర్తయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది.

ఆ దెబ్బలతో నేను చేసిన మొదటి పాట కాకకు ఫోన్లో పంపాను. కాసేపటికే ఫోన్ చేశాడు.

"బాగనే కొట్టిన" అని పకపకా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గింది. "గని రెండో చరణం కాడ నేనైతే గట్ల కొట్ట. పాడేటామె ఊపిరి దీసుకునే కాడ దెబ్బేసినవు. ఆడ ఆగాలె."

"నాకేం తెలుస్తది? వచ్చి చెప్పు" అని కసిరాను.

"నేనొచ్చి ఏం జేస్త బిడ్డా? చెయ్యి లేదాయె."

"చెయ్యి నేను పెడత. ఎట్ల కొట్టాల్నో నువ్వు చెప్పు. కూలి ఎప్పటి లెక్కనే. పొద్దుగాల బస్సెక్కు."

ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు మొదటి బస్సుకే దిగాడు. పదేళ్లలో మొదటిసారి డప్పు లేకుండా వచ్చాడు. ఆ ఉత్త భుజం చూడలేక నేను టీ నెపంతో వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను. తిరిగి వచ్చేసరికి నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాట మొదలుపెట్టాను. రెండో చరణం రాగానే ఎడమచేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"జర ఆగు. ఆమెను ఊపిరి దీసుకోనియ్యి... ఆఁ, ఇప్పుడు కొట్టు" అని చెయ్యి వదిలాడు.