సోమవారం కోసిన కానుగాకులు

ఆ మధ్య నా శిష్యురాలు ఒకామె, ఇప్పుడు తనే ప్రొఫెసరు, ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నాకు సన్మానం చేస్తారట, అప్పుడు వేసే చిన్న పుస్తకంలో నా పరిశోధన పత్రాల జాబితా ఉండాలట. ఏ పత్రాన్ని ఎంతమంది తమ రాతల్లో పేర్కొన్నారో, ఈ కాలం వాళ్లు సైటేషన్లు అంటారే, ఆ లెక్కన వరసగా పేర్చి తెచ్చింది. అన్నిటికన్నా పైన, మిగతావాటికి అందనంత ఎత్తున, నా మొట్టమొదటి కానుగ పత్రం ఉంది. ఆమె మురిసిపోతూ చూపిస్తుంటే నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పోర్టు పక్కన ఉదయం ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఇనుప ఖనిజం ధూళితో కావి రంగుకు తిరిగేది. గోదావరి పక్క నుంచి చదువుకోసం వచ్చిన నాకు, ఈ ధూళిని ఏ చెట్టు తట్టుకుంటుందో తేల్చాలన్న పట్టుదల పుట్టింది. ఖనిజం గుట్టలకు దగ్గరలో కాస్త స్థలం అడిగి పుచ్చుకుని మూడు వరసలు నాటాను. కుళాయి పక్కన కానుగ, తరవాత వేప, ఆ చివర బాదం. జాతుల్ని అలా విడివిడి వరసలుగా పెట్టకూడదు, కలగలిపి నాటాలి. అది తరవాత ఏళ్ల తరబడి పిల్లలకు నేనే చెప్పిన పాఠం. అప్పుడు మాత్రం చూడ్డానికి తీరుగా ఉంటుందని నా ఇష్టం వచ్చినట్టు చేశాను.

మొక్కలకు నీళ్లు పోయడానికి యారాడ కొండ దిగి ఒకామె వచ్చేది. నాకన్నా పెద్దది, అక్కడివాళ్లు అక్కను పిలిచినట్టే అప్పా అని పిలిచేవాణ్ణి. ప్రతి సోమవారం పది గంటలకు నేను వెళ్లి ఆకులు కోసి, లేబొరేటరీలో వాటి మీది ధూళిని తూచి, పచ్చదనం చూసి రాసుకునేవాణ్ణి. వేప, బాదం వారం వారం ఎర్రబారుతుంటే కానుగ మాత్రం నిగనిగలాడుతూ ఉండేది. కానుగాకు నునుపు వల్ల ధూళి జారిపోతుందని ఒక సిద్ధాంతమే అల్లాను. మా గురువుగారు వీపు తట్టారు, పత్రం అచ్చయింది.

అచ్చు ప్రతిని, లడ్డూల పొట్లాన్ని పట్టుకుని ముందుగా అప్ప దగ్గరికే వెళ్లాను. కానుగ గెలిచిందని చెబితే ఆమె ముఖం వెలిగిపోయింది.

“గెలవదేటి బాబూ! సోమారం నువ్వొస్తావని పొద్దున్నే నాను కుళాయి కాడున్నవన్నీ ఆకాకూ కడిగీదాన్ని కదా. సదువుకున్నోడివి, ఆ ఎర్రమట్టి ముట్టుకుంటావేటి? ఆ పక్క వరసలకి బిందె మొయ్యలేకపోయీదాన్ని.” నా ముఖం చూసి ఆగి, “ఏం బాబూ, తప్పయిపోనాదేటి?” అంది.

పదింటికల్లా ఎండకు ఆరిపోయిన ఆ ఆకుల్ని నేను ఏడాదిపాటు తూచాను. లేదప్పా, మంచి పనే చేశావు అని లడ్డూ చేతిలో పెట్టాను.

పై నెలలో నా ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అది కాగానే మళ్లీ నాటి, సరిచూసి, తప్పు ఒప్పుకుంటూ రాద్దామనుకున్నాను. ఉద్యోగం వచ్చింది, ఆ స్థలం మరో గుట్ట కిందికి పోయింది, నేను తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఈలోగా ఒకరు నా మాట ఎత్తి రాశారు, వాళ్లను చూసి ఇంకొకరు. అప్ప ఏ సంవత్సరం పోయిందో కూడా నాకు తెలియదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇదంతా శిష్యురాలికి చెప్పేశాను. ఇంతమంది పేర్కొన్నారు కదా సార్, తప్పయితే ఎవరో ఒకరు కనిపెట్టేవారు కదా అంది. అంతమందిలో ఒక్కరూ కానుగ వరస చూడటానికి రాలేదమ్మా అన్నాను. ఆ పత్రాన్ని జాబితాలోంచి కొట్టేయించి, పత్రికకు ఉత్తరం రాశాను, అప్ప చెప్పినదంతా ఉన్నదున్నట్టు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గానీ, నా నిజానికి మరీ ఇంత నిలకడ అవసరం లేకపోయింది.

ఉత్తరం పంపిన మర్నాడు ఆటోనగర్ వెళ్లాను. అక్కడ రోడ్డు పొడవునా కానుగలే, నా మాట నమ్మి నాటించినవి. అన్నిటి మీదా దుమ్ము మందంగా పేరుకుని ఉంది. రుమాలుతో ఒక ఆకు తుడిచి చూశాను, కింద పాలిపోయి ఉంది. ఇప్పుడు ఎవరు ఎవర్ని పేర్కొన్నారో లెక్కపెట్టడానికి యంత్రాలే వచ్చాయి, సంతోషమే. కానీ తప్పయిందా అని అడిగిన మనిషి ఒకే ఒక్కతె, ఆవిడకు నేను అబద్ధం చెప్పాను.