మావాడు చేసిన రేడియో

ఇవాళ కొత్తపేటలో సెల్‌ఫోన్ రిపేరు షాపు ముందు తీగలు కాల్చి అతికించే సోల్డరింగ్ పొగ వాసన తగిలి అలాగే నిలబడిపోయాను. స్కూల్లో మనిద్దరం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వచ్చిన, ఇంట్లోనే అతికించుకునే రేడియో కిట్లు నీకు గుర్తున్నాయా? మా ఇంటికొచ్చిన దానికి మా అన్నయ్య రెండు తీగలు అతికించి, విసుగొచ్చి వదిలేశాడు. మిగతాదంతా వేసవి సెలవుల్లో నేనే అతికించాను. ఒక సాయంత్రం అందులోంచి విజయవాడ వార్తలు వినబడ్డాయి.

నాన్న పరుగున వెళ్ళి పక్కింటి మాస్టారిని పిలుచుకొచ్చారు.

"మావాడు చేసేడండి!"

అన్నయ్య నా వైపు చూడకుండా, "ఆయ్, నేనేనండి" అన్నాడు.

"కాదు నాన్నా, నేను చేసేను" అని కాలిన వేలు చూపించాను.

"వాడి పనిలో వేలు పెట్టి కాల్చుకుందండి" అని నాన్న నవ్వారు. మాస్టారూ నవ్వారు.

వంటింట్లో అమ్మ నా వేలికి వెన్న రాసింది.

"నువ్వే చేసేవని నాకు తెలుసే. ఇంకెక్కడా అనకు, అన్నయ్య చిన్నబోతాడు" అంది.