తిరిగొచ్చిన పట్టులంగాలు

దీపావళి ఇలా వెళ్ళిందో లేదో, నేను అమ్మిన పట్టులంగాలు ఒక్కొక్కటే సింగపూర్‌లో మా బెడోక్ ఫ్లాట్‌కి తిరిగి రావడం మొదలైంది. డెలివరీ అతను గేటు ముందు పాకెట్లు పెట్టి, వాటికో ఫోటో తీసుకుని, నేను తలుపు తీసేలోపే లిఫ్టులో మాయమయ్యేవాడు. మొదట రెండొస్తే సైజు తేడా అయ్యుంటుందిలే అనుకున్నాను. వారం తిరిగేసరికి హాల్లో సోఫా మీద కూర్చునే చోటు లేదు. మావారు నిలబడే కాఫీ తాగి ఆఫీసుకి వెళ్ళేవారు. ఒక్క మాట అనేవారు కాదు. ఆ మాట అనకపోవడమే నాకు భయంగా ఉండేది.

నేను బ్యాంకులో ఉద్యోగం మానేసి ఆన్‌లైన్‌లో కొట్టు పెట్టుకుంటానన్నప్పుడు కూడా ఆయన కాదనలేదు. మంగళగిరి నుంచి బట్ట తెప్పించి, ఆడపిల్లలకు లంగాలూ జాకెట్లూ కుట్టించి, ఇక్కడ అందరూ వాడే ఒక షాపింగ్ యాప్‌లో అమ్మేదాన్ని. కుట్టేది మా ఎదురు బ్లాకులో ఉండే ఆంటీ. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ. మెడ దగ్గర గుచ్చుకోకుండా లోపల మెత్తటి నూలుగుడ్డ వేసి కుట్టేవారు. లిటిల్ ఇండియా కొట్లన్నీ తిరిగి విసిగిపోయిన తల్లులు వెతుక్కుంటూ మా పేజీకి వచ్చేవారు. చేతినిండా లాభమని చెప్పను గానీ, నా కాళ్ళ మీద నేను నిలబడ్డానని గర్వంగా ఉండేది.

ఆ తర్వాత అదే యాప్‌లోకి చైనా నుంచి నేరుగా పంపే కొట్లు వచ్చిపడ్డాయి. మా లంగాల్లాంటివే లంగాలు, అదే రంగు అంచు, చివరికి మామిడిపిందెలు కూడా మావే. బట్ట మాత్రం గరగరలాడే పాలిస్టరు. ధర చూశాను. వాళ్ళు కుట్టి, పాక్ చేసి, సముద్రం దాటించి గుమ్మంలో పెట్టే ధరకి నాకు వట్టి బట్ట కూడా రాదు. "అక్కా, సేమ్ పీస్ అందులో సగం రేటుకే ఉంది, మీరు కొంచెం చూడరా?" అని మెసేజులు. సేమ్ పీసట. ఒళ్ళు మండిపోయేది. మండినా సరే, చివర ఒక నవ్వుబొమ్మ పెట్టి మర్యాదగా జవాబిచ్చేదాన్ని.

పిల్లల జూన్ సెలవుల్లో ఒకరోజు భోజనాల దగ్గర మావారు అన్నారు. "ఈ దీపావళి దాకా చూద్దాం. అప్పటికీ ప్రాఫిట్ రాకపోతే క్లోజ్ చేసేద్దాం. నువ్వు మళ్ళీ జాబ్ చూసుకో." కోపంగా అనలేదు. నేనూ సరేనన్నాను. అన్నానే గానీ, కొట్టు మూసేసి మళ్ళీ ఇంకొకళ్ళ కంప్యూటర్ ముందు కూర్చోవడం తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. పెళ్ళయ్యాక నాదీ అని చెప్పుకోడానికి నాకున్నది ఆ కొట్టొక్కటే.

అందుకని తెగించాను. ఆ చైనా కొట్లవాళ్ళేం చేస్తున్నారో నేనూ అదే చేద్దామనుకున్నాను. ధర తగ్గించాను. డెలివరీ ఫ్రీ అన్నాను. నచ్చకపోతే తిరిగి పంపండి, ఆ ఖర్చూ మాదే, కారణం కూడా అడగం అని పెద్ద అక్షరాలతో పెట్టాను.

"రిటర్న్ ఖర్చు కూడా నువ్వే పెట్టుకుంటావా?" అన్నారు మావారు.

"వాళ్ళు పెట్టుకోవట్లేదా?"

"వాళ్ళు ఎన్నాళ్ళు లాస్‌లో అమ్మగలరో నీకు తెలుసా?"

నేను వినిపించుకోలేదు. ఆర్డర్లు మాత్రం వరదలా వచ్చాయి. ఆంటీకీ నాకూ తిండీ నిద్రా లేవు. అంత అమ్మకం నేనెప్పుడూ చూడలేదు. పండగ ముందు వారం ఆఖరి పాకెట్ పంపించేసి, ఇంక గట్టెక్కాం అనుకున్నాను. ఆ వారమంతా నా అంత సంతోషంగా ఈ ఊళ్ళో ఎవరూ ఉండి ఉండరు.

తిరిగొచ్చిన వాటిని విప్పి చూడ్డానికి నాకు కొంత ధైర్యం కావాల్సి వచ్చింది. మొదటిది చక్కగా ఇస్త్రీ చేసి, నేను మడిచినట్టే మడిచి ఉంది. కారణం దగ్గర సైజు సరిపోలేదని రాసుంది. మడత విప్పితే అంచు మూలన వేలెడు పసుపు. రెండోది విప్పాను. దానికీ మూలన పసుపు. కొత్తబట్ట కట్టే ముందు మూలన కాస్త పసుపు పెట్టకుండా మనవాళ్ళెవరూ కట్టరు కదా. పండగపూట తలంటి పోసి, పసుపు పెట్టి, పిల్లకి వేసి, ఫోటోలు దిగి, మర్నాడు ఇస్త్రీ చేసి నాకు పంపించారన్నమాట. సబ్బు పెట్టి ఒకటి ఉతికి చూశాను. పసుపు కాస్తా ఎర్రబడి ఇంకా పాకింది. ఆ మరకతో అది మళ్ళీ అమ్ముడుపోదు. ఆ రోజు నేను బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.

యాప్ వాళ్ళకి ఫిర్యాదు పెట్టాను. పసుపంటే ఏమిటో, మూలన ఎందుకు పెడతారో ఇంగ్లీషులో వివరంగా రాశాను. మీ సంప్రదాయం గురించి తెలియజేసినందుకు ధన్యవాదాలు అని జవాబొచ్చింది. వస్తువు మరకతోనే అందిందని కొనుగోలుదారు ఇప్పుడు చెబుతున్నారు కాబట్టి డబ్బు వాపసు ఇచ్చేశాం అని దాని కింద ఇంకో వాక్యం.

ఆ పాకెట్లలో ఒకటి మా వెనక వీధిలో ఉండే హైదరాబాద్ అమ్మాయిది. గుళ్ళో కనిపిస్తే అక్కా అంటూ వచ్చి చెయ్యి పట్టుకునే పిల్ల. ఆ లంగాలో వాళ్ళ పాపని దీపాల పక్కన నిలబెట్టి తీసిన ఫోటో నేనే చూసి లైక్ కొట్టాను. ఉండబట్టలేక లంగా సంచిలో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మాటలతో కడిగేద్దామనే వెళ్ళాను.

"రండక్కా, కూసోండి. చాయ్ తాగుతరా?" అంది నవ్వుతూ. వాళ్ళ పాప తళతళలాడే పాలిస్టరు లంగా వేసుకుని నేల మీద బొమ్మలు పేరుస్తోంది. నేను సంచిలోంచి లంగా తీసి పసుపు చూపించాను. ఆ అమ్మాయి మొహంలో సిగ్గు కనిపిస్తుందేమోనని చూశాను.

"అవునక్కా, పండుగకి ఏసినం. మీరే పెట్టిండ్రు కదా, రిటర్న్ ఫ్రీ, రీజన్ అడగమని?"

"మరి వాడి పంపిస్తే నేనెవరికి అమ్మాలమ్మా?"

ఆ అమ్మాయి నిజంగానే ఆశ్చర్యపోయింది. "నాకేం ఎరుకక్కా. ఆ చైనా షాపులల్ల కూడ నేను అట్లనే చేస్త. ఆళ్ళయితే వాపస్ కూడ అడగరు. పైసలిచ్చేసి, డ్రెస్ మీరే ఉంచుకోండి అంటరు. మీరు అడిగిండ్రనే గదా నేను ఇస్త్రీ చేసి మరీ పంపిన."

దొంగతనం చేసినట్టు నేను చూస్తున్నాను, మర్యాద చేసినట్టు ఆమె అనుకుంటోంది. చాయ్ తెచ్చి చేతికిచ్చింది. మొహమాటానికి తాగేసి వచ్చాను.

ఆదివారం పొద్దున మావారు లెక్కలన్నీ చూశారు. ఎంత ఎక్కువ అమ్మానో అంత ఎక్కువ పోయింది. "ఆ చైనా వాళ్ళకీ లాసేనంటున్నారు మా ఆఫీసులో," అన్నారు మెల్లగా. "ఎవడికీ లాభం లేదు. పోగొట్టుకోడానికి వాళ్ళ దగ్గర ఉంది, మన దగ్గర లేదు. అంతే." ఓదార్చడానికే అన్నారని తెలుసు. వాళ్ళకీ నష్టమైతే మరి నన్నెందుకు ముంచారు? ఆ ప్రశ్న అడగడానికి ఎదురుగా మనిషి కూడా లేడు. ఆ పూటే కొట్టు మూసేశాను. ఒక్క బటన్ నొక్కితే అయిపోయింది.

ఇక మిగిలింది ఆంటీకి చెప్పడం. అంకుల్ పోయాక ఆవిడకి నా పనే ఆధారం. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో కూడబలుక్కుంటూ ఎదురు బ్లాకుకి వెళ్ళాను.

"వా మా, మకాన్ అయిందా?" అన్నారు మిషన్ మీంచి తలెత్తకుండానే. రామ్మా, తిన్నావా అని అలా తమిళం, మలయ్ కలిపి అడగడం ఆవిడకి అలవాటు. కొట్టు మూసేశానని చెప్పాను. మిషన్ ఆగింది. అప్పుడు చూశాను, ఆవిడ పక్కన కుర్చీ నిండా బట్టలు. అన్నీ తళతళలాడేవే.

"ఇవెవరివి ఆంటీ?"

"అన్నీ మనవాళ్ళవే లా. యాప్‌లో కొంటారు, కొలత సరిపోదు. చెయ్యి టైట్, నడుం లూజు. ఇక్కడికి తెస్తారు. నీ ఆర్డర్ ముగిసిన రోజు నుంచీ ఇదే పని మా. చెబితే నువ్వు బాధపడతావని ఏం అనకుండా సుమ్మా ఉన్నాను. నా గురించి కవలపడొద్దు, దిగులొద్దు."

ఆవిడకి పని ఉన్నందుకు నేను సంతోషించాలి. సంతోషం కలగలేదు. దాచినందుకు కోపమొచ్చింది, ఆ వెంటనే ఆ కోపం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. కొనేవాళ్ళు కొంటున్నారు, కుట్టే ఆవిడ కుడుతున్నారు. మధ్యలో అక్కర్లేకుండా పోయింది నేనొక్కదాన్నే. లేచి వచ్చేద్దామనుకున్నాను.

ఆవిడ ఒక లంగా తీసి నడుం దగ్గర కుట్లు విప్పుతూ, "ఆ గుండుసూదుల డబ్బా ఇలా ఇవ్వు మా," అన్నారు.

ఇచ్చాను.