అమ్మవారికి కళ్ళు పెట్టేదాకా

మా ఆయన ఆళ్ళగడ్డలో శిల్పి. దేవుళ్ళ విగ్రహాలు చెక్కుతాడు. చెక్కేవాడు అనాలేమో ఇప్పుడు. ఆ మాట రాయడానికి నాకు చెయ్యాడదు.

షెడ్డులో ఆయన, మా మరిది, ఇంకో ఇద్దరు పనివాళ్ళు. రాయి కోసే మిషన్ మొదలైందంటే మనిషికి మనిషి కనపడనంత దుమ్ము. కళ్ళకు అడ్డంగా అద్దాలు కొనిపెడితే తీసుకుపోయి మేకుకు తగిలించారు. "చెమటకు మసకైతాయే, గీత తప్పుతాది" అనేవాడు మా ఆయన. సాయంత్రానికి అందరి కళ్ళూ ఎర్రగా మండిపోయేవి. ఎప్పుడో ఒక డాక్టరు కొద్దిరోజులు వేసుకోమని చుక్కల మందు రాసిచ్చాడు. వేసిన కాసేపటికే ఎరుపు పోయి చల్లబడింది. ఇంకేముంది, ఆ కొద్దిరోజులన్న మాట గాలికి పోయింది, మందు మాత్రం ఇంట్లో ఉండిపోయింది. దానికి వీళ్ళు పెట్టుకున్న పేరు చల్లమందు. ఏళ్ళ తరబడి, పని దిగి మొహాలు కడుక్కోగానే నలుగురూ వరసగా తలలు వెనక్కి వాల్చి ఒకే సీసాతో చుక్కలు వేసుకునేవాళ్ళు. చీటీ ఏదని అడిగిన మందుల షాపువాడు ఒక్కడూ లేడు.

తర్వాత మా ఆయన నీళ్ళ బిందెలు తన్నడం మొదలుపెట్టాడు. గడప తగిలి తూలేవాడు. పక్కనే పెట్టిన మజ్జిగ గ్లాసు కోసం "యాడ పెట్టినావే?" అని తడుముకునేవాడు. "కండ్లు నెత్తికెక్కినాయా ఏంది నీకు?" అని నేను నోరు చేసుకునేదాన్ని. మరి ఎలా నమ్మేది? అదే మనిషి షెడ్డులోకి పోయి అమ్మవారి ముక్కుపుడక మీద వడ్లగింజంత పువ్వు చెక్కి వస్తాడాయె! అంత చిన్న గీత కనపడేవాడికి ఇంత బిందె కనపడదంటే ఎవరు నమ్ముతారు?

"కంటికి పొర వస్తాందేమోలే. ముదరనీ, తీపిచ్చుకుందాం" అన్నాడు. మా వీధంతా అదే మాట. పొర ముదిరేదాకా కత్తి పెట్టకూడదని అందరికీ తెలుసు మరి. ముదరనిచ్చాం.

ఒకరోజు బండి మీద వస్తూ, పక్కనుంచి వచ్చిన ఆటోను చూసుకోక పడ్డాడు. అప్పుడు పట్టుబట్టి నంద్యాల కంటి ఆసుపత్రికి లాక్కుపోయాను. గిన్నెలాంటి ఒక మిషన్‌లో తల పెట్టించి, లోపల చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఎప్పుడో ఒకసారి నొక్కడం తప్ప ఆయన ఊరికే కూర్చున్నాడు. బయటికొచ్చి, "నొక్కు నొక్కు అంటాండారు. యాడ వెలిగిందని నొక్కేది?" అని నా మీద విసుక్కున్నాడు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "ఇది పొర కాదమ్మా, నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. పక్క చూపు ముందు పోతుంది, ఎదురు చూపు చివరిదాకా ఉంటుంది. అందుకే తెలియదు." చల్లమందు సీసా చూపిస్తే నుదురు కొట్టుకుంది. అందులో స్టెరాయిడ్ ఉందట. డాక్టరు చూడకుండా ఏళ్ళకేళ్ళు వేసుకుంటే కొందరి కళ్ళను ఇలాగే తినేస్తుందట. "పొరయితే తీస్తే చూపొస్తుంది. ఇందులో పోయింది రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి. చుక్కలు ఇస్తాను, కానీ వాటితో ఆగదు. ఆపరేషన్‌కి రేపే చేరండి."

రేపు చేరలేదు.

షెడ్డులో చాగలమర్రి దగ్గరి ఒక ఊరి అమ్మవారు ఉంది. అంతా అయింది, కళ్ళు తప్ప. మా పనిలో కళ్ళు అన్నిటికన్నా చివర, ఊరివాళ్ళు పెట్టించిన ముహూర్తానికి, ఒంటిపొద్దుండి పెట్టాలి. ఆ ముహూర్తం ఇంకా దూరముంది.

"నీ తమ్ముడు పెడతాడు. పోదాం పదయ్యా" అని ఏడ్చాను.

"మొగం చెక్కిన చెయ్యే కండ్లు పెట్టాల. గుడ్డిదాన్ని చేసి పోతే అమ్మోరు ఊరుకుంటాదా? ఆ తల్లికి కండ్లిచ్చేటోనికి కండ్లు యాడికి పోతాయే?"

నాకూ భయమే. నంద్యాల మందు పొద్దునా సాయంత్రం నా చేత్తోనే వేస్తూ ముహూర్తం కోసం కూర్చున్నాను.

ఆ రోజు షెడ్డుకు పరదా కట్టారు. లోపల ఆయన ఒక్కడే. పరదా సందులోంచి చూశాను. కోడి గింజను చూసినట్టు తల పక్కకు వంచి, అటు తిప్పి ఇటు తిప్పి గీతను వెతుక్కుంటున్నాడు. ఉలి ఒక్క దెబ్బ పడేది, చాలాసేపు ఆగేది. బయటికి వచ్చి "పెట్టినా" అన్నాడు. లోపలికి పోయి చూశాను. అంత చక్కటి కళ్ళు ఆయన అంతకుముందు ఎప్పుడూ పెట్టలేదు.

ఆ తర్వాతే నంద్యాలలో ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పాక కుడికన్ను మొత్తం చీకటి. ఎడమకంటికి వెలుగొక్కటే మిగిలింది. "ఇన్నాళ్ళు ఎందుకాగారమ్మా?" అంది డాక్టరమ్మ.

ఇంటికి వచ్చేసరికి మా మరిది షెడ్డు ముందు తల వెనక్కి వాల్చి చుక్కలు వేసుకుంటున్నాడు. అదే మందు. సీసా లాక్కుని రాళ్ళ మీద విసిరికొట్టాను. "మంట ఓర్చుకోలేకపోతాండా వదినా" అన్నాడు. మర్నాడు ఇంకో సీసా తెచ్చుకున్నాడు. అరిచి అరిచి నా గొంతు పోయింది తప్ప ఏం లాభం లేదు.

ప్రతిష్ఠకు ఊరివాళ్ళు పిలిచారు. మా ఆయనకు కొత్త పంచె పెట్టి, శాలువా కప్పి, అమ్మవారికి ఎదురుగా అందరికన్నా ముందు నిలబెట్టారు. మేళం ఆగింది.

"ఏమే, నన్ను చూస్తాందా?" అని నా చెవిలో అడిగాడు.

"చూస్తాందయ్యా. నిన్నే చూస్తాంది."

పూజారి హారతి పళ్ళెం పట్టుకొచ్చాడు. వెలుగు వచ్చిన వైపు ఆయన చెయ్యి చాచాడు, మంట దొరకలేదు. ఆ చెయ్యి పట్టుకుని నేనే మంట మీద పెట్టాను. ఆయన రెండు చేతులూ కళ్ళకద్దుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. పళ్ళెం నా ముందుకు వచ్చింది. నేను అద్దుకోలేదు.