గోతాం తరుగు

బాక్సింగ్‌లో నాకిష్టమైన తరగతి యాభై ఒక్క కిలోలు దాటని ఫ్లైవెయిట్. హెవీవెయిట్ వాళ్ళు కాలవ గట్టు మీద ఎదురుపడ్డ రెండు ధాన్యం లారీలు. ఎవడు వెనక్కి తీస్తాడో తేలేలోపు మనం టీ తాగి రావచ్చు. ఫ్లైవెయిట్‌లో గ్లాసు వైపు తల దించితే నాలుగు దెబ్బలు పోతాయి. తిన్నవాడు పడడు, తిరిగి ఐదు ఇస్తాడు. మా అఫ్రాజ్ అయితే ఎగిరే ఈగని ఎడమ రెక్క మీదే గుద్దగలడు. నమ్మనివాళ్ళు ఆ ఈగని అడగొచ్చు.

కంకిపాడు రైస్ మిల్లులో వాడు గోతాల మూతులు కుడతాడు. నేను కాటా చూస్తాను. పదో తరగతిలో నన్ను భరించలేక బడే నన్ను మానేసింది. అఫ్రాజ్‌కి వచ్చే నెల పద్దెనిమిది దాటిపోతాయి. యూత్ రాష్ట్ర జట్టులోకి వెళ్ళడానికి ఈ ఎంపికే ఆఖరిది.

నెల రోజులూ వాణ్ణి మా కాటా ఎక్కించాను. ఎంపిక ముందు రోజు సాయంత్రం యాభై పాయింట్ తొమ్మిది చూపించింది.

"కోచ్ సార్ దగ్గర కూడా చూసుకుందామా?" అన్నాడు.

"ఆ సూది కాటానా? దానికి దువ్వెన కూడా కిలో ఉంటుంది. మన కాటా చీమ ఎక్కినా చెబుతుందిరా. వెళ్ళి హాయిగా పడుకో."

మర్నాడు పొద్దున విజయవాడ స్టేడియంలో యాభై ఒకటిన్నర వచ్చింది.

"అర కిలో ఎక్కువున్నావు బాబూ," అన్నారు తూకం చూసే రాజ్యలక్ష్మి గారు. "గంట టైముంది. తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

"మీ కాటా తప్పండీ," అన్నాను. ఆవిడ కాటా మీద ఐదు కిలోల గుండు పెట్టారు. ఐదే చూపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. మా కాటాకి గోతాం తరుగు పెట్టి ఉంటుంది. ఏది ఎక్కినా సంచి బరువు కింద ఆరు వందల గ్రాములు తీసేసి, లోపలి బియ్యం బరువే చూపిస్తుంది. నెల రోజులుగా అఫ్రాజ్‌కి లేని గోతాన్ని తీసేస్తూ వచ్చింది. సీజన్ మొదట్లో ఆ తరుగు పెట్టింది నేనే.

వాడు నా జర్కిన్ కూడా తొడుక్కుని గ్యాలరీ మెట్లు ఎక్కి దిగాడు. తాడాట ఆడాడు. చింతపండు చప్పరించి నోట్లో ఊరిన నీళ్ళన్నీ ఉమ్మాడు. బయట మంగలి దగ్గర గుండు చేయించుకున్నాడు. నేను గడియారం చూశాను. వాడి బదులు చెమట పట్టడానికి నా ఎనభై కిలోల్లో ఒక్క గ్రాము పనికిరాలేదు.

మళ్ళీ ఎక్కాడు. యాభై ఒకటీ పాయింట్ ఒకటి.

"వంద గ్రాములేనండీ," అన్నాను.

"వంద గ్రాములు బాబూ," అని ఆవిడ పేరు కొట్టేశారు.

గ్యాలరీలో కూర్చున్నాక చెప్పాను. "తరుగు తీయడం మర్చిపోయాన్రా."

వాడు నా జర్కిన్ మడిచి నా ఒళ్ళో పెట్టాడు.

"కొట్టరా," అన్నాను.

"నువ్వు నా వెయిట్ కాదు," అన్నాడు.

వాళ్ళమ్మ సయీదా ఆంటీ నా ఫోన్‌కి చేసింది. "తూకం అయిపోయిందా నాయనా? ఇంక వాణ్ణి కడుపు నిండా తినమను."

"తింటున్నాడు ఆంటీ," అన్నాను.

అఫ్రాజ్ అమ్మ కట్టిచ్చిన బాక్సు తెరిచి మూతలో నాకు సగం పులావు పెట్టాడు. కింద రింగులో యాభై ఒక్క కిలోల వాళ్ళిద్దరు మొదలుపెట్టారు.

"ఇద్దరూ ఎడమ చెయ్యి దించుతున్నారు," అన్నాడు మెల్లగా. చేతిలో ముద్ద ఉంది. ఆ చెయ్యి నోటికి పోకుండా, కింద వాళ్ళు చెయ్యి దించిన ప్రతిసారీ ఆ సందులోకి గుద్దుతున్నట్టు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంది.