పదకొండో రీలు

ఆయన్ని అందరూ ఆపరేటర్ అనే పిలుస్తారు. సినిమా హాలు మూతపడి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడక్కడ నేల పలకలు అమ్ముతున్నారు. ఆయన ఇంట్లో కూర్చుని ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు. అయినా పేరు మారలేదు. ముప్పై నాలుగేళ్లు బొమ్మ ఆడించిన మనిషి. బొమ్మ సజావుగా ఆడినంతసేపూ ఆయనొకడున్నాడని ఎవరికీ గుర్తుండేది కాదు. తెగితే మాత్రం హాలు హాలంతా వెనక్కి తిరిగి తిట్టేది.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ ఒక ఆదివారం పొద్దున ముగ్గురొచ్చారు. ముందు నడిచినావిడ బీమా ఆఫీసులో గుమాస్తా. సాయంత్రాలు నాటకాలు వేయిస్తుంది కాబట్టి డైరెక్టరమ్మ అంటారు. వెనకాల సెలూన్ నడిపే ఆయన, మందుల షాపు కౌంటర్లో పనిచేసే అమ్మాయి. డైరెక్టరమ్మ చేతిలో పాత పాటల పుస్తకం ఒకటి ఉంది. నలుపు తెలుపు రోజుల్లో వచ్చిన హత్య సినిమాది. కథ సగం చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని వదిలేశారు అందులో.

"ఆ వెండితెరే లేదిప్పుడు," అంది డైరెక్టరమ్మ. "ప్రింటు ఎక్కడా దొరకలేదండీ. మీ హాల్లో పన్నెండు వారాలు ఆడిందట. మీరు కథ చెబితే నాటకం చేద్దామని."

"చెప్పకేం," అంది ఆయన భార్య లోపల్నుంచి. "నా పుట్టినరోజు గుర్తుండదు గానీ, ఏ రీల్లో ఎక్కడ అతుకుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు."

రిహార్సలు ఒక అచ్చు ప్రెస్సు మీది గదిలో. కింద మిషను తిరుగుతుంటే నేల సన్నగా వణికేది. పాత ప్రొజెక్టరు గది గుర్తొచ్చి ఆయన ప్రాణానికి హాయిగా ఉండేది. అందరికీ మడత కుర్చీలు, ఆయనకి మాత్రం చేతుల కుర్చీ. రీలు తర్వాత రీలు పూస గుచ్చినట్టు చెప్పాడు. పోస్టరు మీద తన పేరు కూడా వేస్తామన్నారు. ఆ మాట విన్న రోజు ఇంటికి నడిచే వెళ్లాడు, బస్సు పక్కనుంచి పోతున్నా ఎక్కలేదు.

తెర మీద కారు వెంట కారు పరిగెత్తింది. ఇక్కడ రెండు కుర్చీలు, రెండు టార్చిలైట్లు. మెట్ల మీద హత్య చేసిన టైపిస్టు నీడ గోడంత ఎత్తు పెరగాలి. ఆయనే ఒక బల్లదీపం తెచ్చి నేల మీద పెట్టి, అంగుళం అంగుళం జరిపి పెంచి చూపించాడు. రంగు కనబడకూడదని బట్టలన్నీ బూడిదరంగువే కుట్టించారు. డిటెక్టివ్ వేషం సెలూన్ ఆయనది. టోపీ చెవుల దాకా దిగిపోయేది.

"గురువుగారూ, సినిమాలో డిటెక్టివ్‌కి కళ్లు కనబడేవా?"

"సగం."

"నాకు ఆ సగం కూడా లేదు. హంతకురాలి బదులు నిన్న మాటలందించే ప్రాంప్టర్ని పట్టుకున్నా."

మందుల షాపు అమ్మాయిది టైపిస్టు వేషం. కంపెనీ మేనేజర్ని కాల్చి చంపేది ఆమే. పదో రీల్లో కాలుస్తుంది. పన్నెండో రీల్లో బేడీలు.

"ఎందుకు చంపింది మావయ్యగారూ?" అని అడిగిందొక సాయంత్రం.

"చెడ్డదమ్మా."

"చెడ్డదే అనుకుందాం. ఉత్తపుణ్యానికి ఎవరైనా తుపాకీ తీస్తారా? అది తెలియకుండా నేనెలా నిలబడను?"

ఆయన రేపు చెబుతానన్నాడు.

ఆ రాత్రి కాగితం పెన్ను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మేనేజరు ఆ పిల్ల అన్నని దొంగతనం కేసులో ఇరికించాడని రాశాడు. చదువుకుంటే బాగానే ఉంది. సినిమాల్లో అలాగే ఉంటుంది.

మర్నాడు ఆ అమ్మాయి ఆ కాగితం పట్టుకుని చదివింది. మెల్లిగా చదివింది. "మా అన్నయ్య" అన్నచోట ఆగి, ఆ మాట మళ్లీ చదివింది. డైరెక్టరమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయనకి కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

"ఆపమ్మా," అన్నాడు లేచి. "అది నా కల్పన. సినిమాలో ఏముందో నాకు తెలియదు."

ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"పదకొండో రీలు మొదటి రెండు రోజులే ఆడించాను. ఆటకీ ఆటకీ మధ్య ఊడవడానికి కూడా టైము చాలట్లేదు, పది నిమిషాలు తగ్గించమన్నాడు ఓనరు. ఏది తీయాలో చెప్పలేదు. నేనే చూసుకున్నాను. అందులో తుపాకీ లేదు, కారు లేదు. ఒక ఆడమనిషి గదిలో కూర్చుని మాట్లాడుతుంది, అంతే. డబ్బాలో పెట్టేశాను. మళ్లీ తియ్యలేదు."

సెలూన్ ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అంటే గురువుగారూ, నాకు పదేళ్లప్పుడు మా నాన్నతో వచ్చి చూసింది కోసేసిన బొమ్మా? బేడీలు పడినప్పుడు ఈలేశాను నేను. హాలంతా వేసింది."

"విన్నాను," అన్నాడు ఆపరేటర్. "పన్నెండు వారాలు విన్నాను."

డైరెక్టరమ్మ చేతిలోని పాటల పుస్తకం మూసింది. నాటకానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. తిడుతుందనే అనుకున్నాడాయన. తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"ఆ రెండు రోజులు మీరేం చూశారు?" అంది ఆవిడ.

"మిషను హోరులో మాటలు తెలియవు. నాలుగైదు వారాలు వింటే గానీ మాట పట్టుబడదు మాకు. బొమ్మ మాత్రం చూశాను."

"అదే చేసి చూపించండి."

ఆయన కిటికీ పక్కకి కుర్చీ లాక్కున్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి మోకాళ్లు దగ్గరికి చేర్చి, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. వేలితో దాన్ని ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు కొంచెం తోశాడు. కిటికీలోంచి వీధిని చూస్తూ చాలాసేపు పెదాలు కదిపాడు. ఒకచోట ఆగి, నవ్వబోయి, మానుకున్నాడు. నిలబడి ఉన్న సెలూన్ ఆయన ఎవరూ చెప్పకుండానే ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"అవును," అన్నాడు ఆపరేటర్. "అతను కూడా అక్కడే కూర్చుంటాడు."

అమ్మాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతికిచ్చింది. "మాటలు వద్దు మావయ్యగారూ. ఇలాగే చేస్తాను."

"జనానికి అర్థమవుతుందా?" అంది డైరెక్టరమ్మ. మళ్లీ ఆవిడే, "పోస్టరు మీద మీ పేరు పక్కన ఏమని వేయమంటారు?" అని అడిగింది.

"పోస్టరు మీద వద్దమ్మా. నా నోటితో నేనే చెబుతాను."

నాటకం రోజు తెర ఎత్తకముందు ఆయన వేదిక మీదికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. నూట యాభై మంది దాకా ఉన్నారు. నెరిసిన తలలే ఎక్కువ. దీపం కళ్లలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ బొమ్మ మా హాల్లో చూసినవాళ్లు మీలో ఉండే ఉంటారు. మీకు ఒక రీలు చూపించలేదు. ఆ పిల్ల తన సంగతి చెప్పుకునే రీలు. తీసేసింది నేనే. ఆవిడ ఏం చెప్పిందో నాకూ తెలియదు. ఎలా చెప్పిందో ఇవాళ చూస్తారు."

మెట్లు దిగి మూడో వరసలోకి వచ్చాడు. భార్య తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని, పక్క సీటు ఖాళీ చేసింది.